నేలకు తగలని ర్యాకు

నా మోకాలు మార్చిన డాక్టరు నన్ను నడవమన్నాడు. నా మొగుడు నడవొద్దన్నాడు. జరిగిందంతా ఇంతే. కానీ ఇంతే అని ఊరుకుంటే మా చర్చి వాళ్లు చెప్పుకుంటున్న మాటే నిలబడిపోతుంది. "సమూయేలు అన్న భార్య కోసం ఎంత తాపత్రయపడ్డాడో" అంటున్నారు వాళ్లు. తాపత్రయం, నా మొహం. ఎవరి కోసం పడ్డాడో నేను చెబుతాను, వినండి.

మేం చీరాల వదిలి ఈ దేశం వచ్చాక కొన్నది పెండిల్ హిల్‌లో పాతకాలపు ఫైబ్రో ఇల్లు, పలచటి సిమెంటు రేకుల గోడలు. ఇప్పటి ఇళ్లలా కాంక్రీటు మీద కట్టింది కాదు. వరసగా ఇటుక దిమ్మెలు, వాటి మీద దూలాలు, దూలాల మీద చెక్క పలకల నేల. కింద మనిషి పాక్కుంటూ దూరేంత ఖాళీ ఉంటుంది. ఇంట్లో ఎవరు నడిచినా నేల కాస్త ఊగుతుంది, షోకేసులో గ్లాసులు గలగలమంటాయి. పడగ్గది నుంచి బట్టలుతికే లాండ్రీ గది దాకా ఉన్న నడవలో, ఆ చివర మరీ అన్యాయం. అడుగు వేస్తే పలక కిందికి దిగి మళ్లీ పైకి వస్తుంది. "ఏవండీ, ఇక్కడ నేల దిగుతోంది, ఒకసారి చూడండి" అని ఇల్లు కొన్నప్పటి నుంచీ మొత్తుకుంటున్నాను. ఆయనకు చీమ కుట్టినట్టయినా లేదు. పెద్ద పెద్ద బిల్డింగుల ఏసీ మిషన్లు బాగుచేసిన మనిషి, సొంత ఇంట్లో పలక సంగతి చూడటానికి తీరిక దొరకలేదు.

ఆ మనిషి రిటైరైన ఏడాదే నా మోకాలు పూర్తిగా పాడైంది. వృద్ధాశ్రమంలో ఉద్యోగం చేస్తూ ముసలివాళ్లను లేపీ కూర్చోబెట్టీ అరగదీసుకున్న మోకాలు అది. ఆపరేషన్ చేసి కొత్తది వేశారు. ఇంటికి పంపేటప్పుడు ఫిజియో అమ్మాయి నా కళ్లలోకి చూసి మరీ చెప్పింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నడవాలి, మడమ ముందు ఆనించి గట్టిగా అడుగు వేయాలి, లేకపోతే కాలు బిగుసుకుపోతుంది, అప్పుడు మళ్లీ మత్తిచ్చి బలవంతంగా వంచాల్సి వస్తుంది అంది. అట్లా కాలు వంపించుకుని, ఆ తర్వాత కూడా కుర్చీలోనే మిగిలిపోయిన మనుషులకు నా చేతులతో అన్నం తినిపించాను. నాకు ఆ గతి పట్టకూడదు అనుకున్నాను. నాకు కావలసింది అంతే, నా కాళ్ల మీద నేను నడవాలి.

నడవడానికి నడవ తప్ప వేరే చోటు లేదు. మా వీధికి ఫుట్‌పాత్ లేదు, పెరడంతా ఎగుడుదిగుడు. నడవలో అయితే రెండు వైపులా గోడలున్నాయి, తూలితే చెయ్యి ఆనించుకోవచ్చు. వాకర్ పట్టుకుని మొదలుపెట్టాను. ధన్ ధన్ మని అడుగులు.

నడవ పక్కనే లాంజ్, మన హాలు. ఆ లాంజ్‌లో మా ఆయన కొత్త సంసారం పెట్టాడు. చీరాల నుంచి మోసుకొచ్చి గరాజ్‌లో పడేసిన పాత పాటల రికార్డులన్నీ బయటికి తీశాడు. ఎక్కడో ఒక తెల్లాయన దగ్గర రికార్డ్ ప్లేయర్ కొన్నాడు. దానికో యాంప్లిఫయరు, బీరువాల్లాంటి రెండు స్పీకర్లు. నేను మొదటిరోజు లాంజ్ గుమ్మం దాటానో లేదో, లోపల పాట గరక్‌మని ఎగిరి ముందుకు దూకింది.

"అమృతం, ఆగు. అట్టా కొట్టుకుంటా నడుస్తావేంది? రికార్డు మీద ముల్లు ఎగురుతోంది" అని లోపలి నుంచి కేక.

"కొట్టుకుంటా కాదండీ, ఫిజియో అట్టాగే నడవమంది."

"మెల్లగా నడిస్తే ఏం పోయింది? మునివేళ్ల మీద నడువు."

కొత్త మోకాలు వేసుకున్న ఆడదాన్ని మునివేళ్ల మీద నడవమన్నాడండీ మహానుభావుడు. ఒళ్లు మండిపోయింది. అయినా కొత్త సరదా కదా, రెండు రోజులు పోతే తగ్గుతుందిలే అని నోరు మూసుకున్నాను. తగ్గలేదు. "ఈ పాట అయిపోనీ, అప్పుడు నడువు" అన్నాడు. ఆ పాట అయ్యాక ఇంకోటి. వాటికేం లోటు, పెట్టెల నిండా ఉన్నాయి. నేను ఆ నడవలో గోడకు ఆనుకుని, ఆపరేషన్ కాలు నేలకు ఆనించలేక, ఎత్తలేక, పాట ఎప్పుడు అయిపోతుందా అని నిలబడేదాన్ని. నా ఇంట్లో నేను దొంగలా నిలబడ్డాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో ఫిజియో అమ్మాయి నా కాలు వంచి చూసి పెదవి విరిచింది. "రోజూ నడుస్తున్నారా?" అని అడిగింది. నడుస్తున్నానని చెప్పాను. అబద్ధం చెప్పినందుకు కాదు, ఆయన్ని కాపాడటానికి చెప్పినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బయటికి వచ్చి ట్యాక్సీలో కూర్చుని నా కూతురు జెన్సీకి ఫోన్ చేసి భోరుమన్నాను.

జెన్సీ ఆ ఆదివారమే వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"డాడీ, షీ హ్యాజ్ టు వాక్. ఇట్స్ నాట్ ఆప్షనల్."

"నేను వద్దన్నానా? పాటలప్పుడు వద్దన్నానంతే" అన్నాడాయన.

"యూ ప్లే ఇట్ ఆల్ డే. ఐదర్ పుట్ ఇట్ ఇన్ ద గరాజ్, ఆర్ బిల్డ్ సమ్‌థింగ్ సో ఇట్ డజంట్ జంప్. యూ డిడ్ దిస్ ఫర్ అ లివింగ్."

ఆ ఆఖరి మాటకు ఆయన మొహం వెలిగిపోయింది. నిజమే, ఏసీ మిషన్ల అదురు బిల్డింగుకు తగలకుండా కింద రబ్బరు దిమ్మలు వేయడం ఆయన పనే. గరాజ్ మాట చెవికెక్కలేదు గానీ, చేయమన్న మాట మాత్రం చక్కగా ఎక్కింది.

మర్నాటి నుంచి ఇల్లు వర్క్‌షాప్ అయిపోయింది. ముందుగా కొలతలు. ఫోన్‌లో ఏదో యాప్ పెట్టుకుని దాన్ని లాంజ్ నేల మీద ఉంచాడు. ఎవరైనా కదిలితే తెర మీద గీత ఎగురుతుంది. "అమృతం, ఇప్పుడు నడువు" అన్నాడు. నిన్నటి దాకా నడిస్తే కళ్లురిమిన మనిషి. నడిచాను. "ఇంకొంచెం గట్టిగా. ఆ, అట్టా. మళ్లీ ఒకసారి రా" అంటూ నన్ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పాడు. గీతలో ఎగిరిన ప్రతి గుట్టా నేనే. వాషింగ్ మెషీన్ కూడా ఒక గుట్టే, అది నడిపేదీ నేనే. ఆ ఫోన్ నాకు చూపించి "చూడు, ఇంట్లో అదురంతా నీదే" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. పని చేసే మనిషినన్న మాట మాత్రం ఆయనకు తోచలేదు.

ఆ తర్వాత పాత బట్టలు వేసుకుని, తలకు టార్చి కట్టుకుని ఇంటి కిందికి దూరాడు. చాలాసేపటికి ఒంటి నిండా మట్టీ సాలెగూళ్లతో బయటికి వచ్చాడు. ఏదో నిధి దొరికినవాడిలా మురిసిపోతున్నాడు. "తెలిసింది, ఏం చెయ్యాలో తెలిసిపోయింది" అన్నాడు. ఏం తెలిసిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. నేను తడి గుడ్డ తెచ్చి ఆయన వీపు తుడిచాను.

ఆయన పనితనాన్ని తప్పుపట్టను. లాంజ్‌లో చెక్క నేలకు గుండ్రంగా రంధ్రాలు కోశాడు. కింద మట్టిలో గుంతలు తవ్వి, పాకుతూ బకెట్లతో కాంక్రీటు మోసి పోశాడు. ఆ కాంక్రీటు నుంచి ఇనప కాళ్లు లేపి, రంధ్రాల్లోంచి పైకి తెచ్చాడు. ఆ కాళ్లు చెక్క నేలకు ఎక్కడా తగలవు, చుట్టూ వేలు దూరేంత సందు. అంటే ర్యాకు మా లాంజ్‌లో ఉంటుంది గానీ మా నేల మీద ఉండదు. భూమి మీద ఉంటుంది. ఆ కాళ్ల మీద చెక్క అరలు, పై అరలో ఇసుక పోసిన తొట్టె, అందులో స్క్వాష్ ఆటలో వాడే రబ్బరు బంతులు, వాటి మీద గ్రానైట్ పలక, దాని మీద ప్లేయర్. రసమట్టం పెట్టి, మూలమూలా చూసి, వెంట్రుకవాసి తేడా రాకుండా నిలబెట్టాడు. గలగలమంటున్నాయని షోకేసులో నా గ్లాసులన్నీ కూడా అట్టపెట్టెలో సర్దేశాడు.

పూర్తయిన రోజు పాట పెట్టి నన్ను పిలిచాడు. "ఇప్పుడు రా, ఎట్టా కావాలంటే అట్టా నడువు. దూకు కావాలంటే" అన్నాడు. నేను లాంజ్ గుమ్మంలో మడమతో గట్టిగా తన్నాను. ముల్లు కదల్లేదు. ఉన్నమాట చెప్పాలి కదా, నాకూ సంతోషం వేసింది. ఆయన్ని మెచ్చుకున్నాను కూడా. ఆ రోజు నుంచి అడ్డు లేకుండా నడిచాను. మోకాలు మెల్లగా వంగడం మొదలైంది. వాకర్ వదిలి చేతికర్రకు వచ్చాను. ఫిజియో అమ్మాయి "గుడ్ ఆన్ యూ" అని భుజం తట్టింది. ఇక కర్ర కూడా వదిలేస్తానన్న ఆశ వచ్చింది.

అప్పుడు మా ఇంట్లో కుటుంబ ప్రార్థన పడింది. మా తెలుగు చర్చిలో వారానికొక ఇంట్లో పెడతారు. పాటలయ్యాక పాస్టర్ ఎబెన్ గారు "ఎవరికైనా సాక్ష్యం ఉందా?" అని అడిగారు. అందరూ ఉద్యోగం వచ్చిందనో, రోగం తగ్గిందనో చెబుతారు. మా ఆయన లేచాడు.

"దేవునికి స్తోత్రం. మీ అందరికీ తెలుసు, అమృతానికి ఆపరేషన్ అయింది. నడవడానికి చాలా ఇబ్బంది పడింది. నేను ప్రార్థనలో పెట్టాను. దేవుడు నాకొక ఆలోచన ఇచ్చాడు" అని ర్యాకు వైపు చెయ్యి చూపించాడు. తన భార్య ఇంట్లో స్వేచ్ఛగా నడవాలని, ఆ వయసులో ఇంటి కిందికి పాకి, చేతులతో కాంక్రీటు పోశానని చెప్పాడు. ఆడవాళ్లు నా వైపు చూసి కళ్లు తుడుచుకున్నారు. నేను తలవంచుకుని కూర్చున్నాను. ముల్లు కోసం చేసింది నా ఖాతాలో వేశాడే అని లోపల పళ్లు కొరుక్కుంటున్నాను. సరే, ఏదోలే, నడుస్తున్నాను కదా అని సర్దుకోబోయాను.

అంతలో ఎవరో అడిగారు, "అన్నా, నేల మీదే పెడితే సరిపోయేది కాదా?" అని.

"అదే గదా అసలు సంగతి" అన్నాడు మా ఆయన, ఇంకా హుషారుగా. "కిందికి పొయ్యి చూశాను. లాండ్రీ దగ్గర ఇటుక దిమ్మె మట్టిలోకి కుంగిపోయింది. దూలానికీ దానికీ మధ్య నా పిడికిలి పట్టేంత సందుంది. ఆ దూలం గాల్లో ఏలాడతంది. ఆ నేలని నమ్ముకుంటే ఎన్ని రబ్బర్లు పెట్టినా లాభం లేదు. అందుకనే నేలతో పనిలేకుండా దీనికి వేరే పునాది వేశాను."

అందరూ "ఆమెన్" అన్నారు. పాస్టర్ గారు పునాదుల గురించి చిన్న ప్రసంగం కూడా చేశారు. నాకు మాత్రం ఒక్క మాటే వినపడింది. లాండ్రీ దగ్గర. నేను రోజూ నడిచి, వెనక్కి తిరిగే చోటు. ఇన్నేళ్లుగా దిగుతోంది, దిగుతోంది అని నేను ఏడుస్తున్న చోటు. ఆ దిమ్మె పక్కనుంచే ఈ మనిషి కాంక్రీటు బకెట్లు ఈడ్చుకుంటూ వెళ్లాడు. వెళ్లి, రికార్డ్ ప్లేయర్‌కు పునాది పోసి, అదే దారిన తిరిగి వచ్చాడు.

అందరూ భోంచేసి వెళ్లేదాకా ఎట్లా ఓర్చుకున్నానో నాకే తెలియదు. ఆఖరి కారు కదలగానే అడిగేశాను.

"దిమ్మె కుంగిందని మీకు తెలుసా?"

"చెప్పాను గదా."

"నాకు కాదు, ఊరందరికీ చెప్పారు. తెలిసీ ఎందుకు వదిలేశారు? చేతిలో కాంక్రీటు ఉంది గదా, ఒక్క బకెట్టు అక్కడ పోస్తే ఏం పొయ్యింది?"

"అది పెద్ద పని అమృతం. జాకీ పెట్టి దూలం లేపాలి. వింటర్ రానీ, చూద్దాం. ఇప్పుడు ఎండలు, కింద రెడ్‌బ్యాక్‌లని విషపు సాలీళ్లు తిరగతంటయి."

"మీ ర్యాకు కోసం దూరినప్పుడు ఆ సాలీళ్లన్నీ లీవ్ పెట్టాయా?"

ఆయన నవ్వాడు. నేను జోక్ చేశాననుకున్నాడు. "ఇప్పుడేం కొంప మునిగింది? ముల్లు ఎగరట్లేదు గదా" అన్నాడు. కొంప మునగడమంటే ఆ మనిషికి ముల్లు ఎగరడమే. మర్నాడు నేను ఇళ్ల మరమ్మతులు చేసే ఒక హ్యాండీమ్యాన్‌కు ఫోన్ చేసి రమ్మన్నాను. మా ఆయనకు తెలిసి, నా ముందే ఫోన్ చేసి వద్దని చెప్పేశాడు. "నేనుండగా బయటోడెందుకు? నాకు చేతకాదనుకుంటన్నావా?" అని రోజంతా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. జెన్సీకి చెబుదామనుకుని, మళ్లీ దాన్ని ఇంతదూరం పరుగెత్తించడం ఎందుకని ఊరుకున్నాను. ఆ చివరి పలకల దాకా వెళ్లకుండా, ముందే వెనక్కి తిరగడం అలవాటు చేసుకున్నాను. కానీ బట్టలు ఉతికేది ఎవరు? లాండ్రీకి వెళ్లక తప్పుతుందా?

ఆ మధ్యాహ్నం బాగా ఎండగా ఉంది. ఆయన లాంజ్ తలుపు వేసుకుని కొత్త రికార్డు పెట్టుకున్నాడు. వాషింగ్ మెషీన్ ఆగిన చప్పుడు విని నేను కర్ర పట్టుకుని బయల్దేరాను. లాండ్రీ గుమ్మం ముందు కొత్త మోకాలి కాలు వేశాను. పలక ఎప్పుడూ దిగేంత కాకుండా ఇంకా కిందికి దిగిపోయింది. కర్ర పక్కకు జారింది. కాలు నా కింద మడతపడింది. నా బరువంతా ఆ మోకాలి మీదే పడింది. లోపల ఏదో పటుక్కుమన్న చప్పుడు నా చెవులతో నేనే విన్నాను.

"ఏవండీ" అని అరిచాను. పాట వినపడుతోంది. మళ్లీ అరిచాను. గొంతు పోయేదాకా అరిచాను. ఫోన్ పడగ్గదిలో ఉంది. పాకుదామంటే కాలు కదిలిస్తే ప్రాణం పోతోంది. అప్పుడు అరచేత్తో నేలను బాదాను. నా ఆలోచన ఒక్కటే, నేను మెల్లగా అడుగు వేసినా ఈ మనిషి పరుగెత్తుకొచ్చేవాడు. ముల్లు ఎగిరితే చాలు, తిట్టడానికైనా వస్తాడు. బాదుతూనే ఉన్నాను. కర్ర అందుకుని కర్రతో బాదాను. నేలంతా అదురుతోంది, నా పళ్లు అదురుతున్నాయి. లోపల పాట మాత్రం తొణకలేదు. చరణం తర్వాత చరణం, ఎక్కడా చిన్న గరక్ కూడా లేకుండా, హాయిగా సాగిపోయింది. వృద్ధాశ్రమంలో మంచం దిగితే చాలు, గంట మోగేది, నేను పరుగెత్తేదాన్ని. నా ఇంట్లో నేను పడితే మోగేదేమీ లేదు. ఉన్న ఒక్కదాన్నీ ఈయన బాగుచేసేశాడు. నొప్పికి కాదు, ఆ కోపానికి ఏడ్చాను.

రికార్డులో ఆ వైపు పాటలన్నీ అయిపోయాయి. తలుపు తెరుచుకుంది. "అమృతం, కాస్త టీ పెడతావా" అంటూ వచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు.

"అయ్యో, ఎప్పుడు పడ్డావు?"

చెయ్యి అందించబోతే తోసేశాను. ఆయన కంగారుగా నా పక్కన చతికిలబడ్డాడు. అది నిజం కంగారే, కాదనను. ఆ కంగారులోనే అన్నాడు, "రికార్డు ఒక్కసారి కూడా ఎగరలేదు అమృతం. నువ్వు పడ్డావని నాకెట్టా తెలుస్తది?"

అంబులెన్స్ వచ్చింది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఆ అమ్మాయి నా పక్కన మోకరిల్లబోతూ ఆ పలక మీద కాలు వేసి తూలింది. కింద చూసి, మళ్లీ కాలితో నొక్కి చూసింది. పలక దిగింది, లేచింది.

"ఈ నేల ఇట్లా ఉందని మీకు తెలుసా?" అని మా ఆయన్ని ఇంగ్లీషులో అడిగింది.

"యెస్, యెస్, ఐ నో" అన్నాడాయన వెంటనే. తెలియదని అనుకుంటుందేమో, తన పనితనం తగ్గిపోతుందేమో అన్నట్టు. "వన్ బ్రిక్ పియర్ హ్యాజ్ డ్రాప్‌డ్. దట్ ఈజ్ వై ఐ గేవ్ ద ర్యాక్ ఇట్స్ ఓన్ ఫుటింగ్" అని లాంజ్ వైపు చెయ్యి కూడా చూపించాడు. ఆ అమ్మాయి ఆ చెయ్యి చూపించిన వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నన్ను స్ట్రెచర్ మీద ఎక్కించి బయటికి తెచ్చారు. ఎదురింటి వాళ్లు గుమ్మంలోకి వచ్చారు. కాలు వాచి దుంగలా ఉంది. మళ్లీ మొదటికి వచ్చిందని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నడవగలనో లేదో కూడా ఇక ఎవరూ మాట ఇవ్వలేరు. ఆయన చెప్పులు వేసుకుని, తాళాలు పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చి అంబులెన్స్ మెట్టు మీద కాలు పెట్టాడు. "మీ ఆయన మీతో వస్తున్నారా?" అని ఆ అమ్మాయి నన్ను అడిగింది.

"రావట్లేదు" అన్నాను.

"ఏంది అమృతం, పిచ్చిదానా, నేను రాకుండా ఎట్టా?"

పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన ముందు నేను గొంతు ఎత్తలేదు. అప్పుడూ ఎత్తలేదు. పడుకునే, మెల్లగా, ఎదురింటి వాళ్లకు కూడా వినపడకుండా చెప్పాను.

"మీ ర్యాకు చాలా బాగుందండీ. ఇల్లు కూలినా దానికేమీ తగలదు. మీరూ పొయ్యి దాని మీదే కూర్చోండి."

ఆయన మెట్టు మీద నుంచి కాలు తీశాడు. ఆ అమ్మాయి తలుపు వేసింది.